చైనాలో టీచర్‌గా వెళ్తున్నారా? కాగితాల నుంచి కోటగోడ దాకా ఏం చేయాలంటే

షియాన్‌లో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పగానే అందరూ అడిగింది తిండి గురించే. అక్కడికి వెళ్లాక అర్థమైంది, తిండి సంగతి రెండు మూడు వారాల్లో దారిలో పడిపోతుంది, అసలు తిప్పలు పెట్టేది పాస్‌పోర్ట్‌లో మన పేరు. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను. నేను అక్కడ మూడేళ్లు పనిచేశాను, ఆ తర్వాత చైనా వెళ్తున్న మనవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు, అందుకే వరసగా రాస్తున్నాను. మీరు ఏ ఊరికి వెళ్తున్నా చాలావరకు పనికొస్తుంది, చూడాల్సిన చోట్లు మాత్రం షియాన్ చుట్టుపక్కలవే చెప్తాను, నేను తిరిగిన ఊరు అదే కాబట్టి.

విమానం ఎక్కకముందు

ముందు వీసా. పాఠం చెప్పడానికి వెళ్లేవాళ్లకి కావలసింది జడ్ వీసా, అంటే ఉద్యోగ వీసా. "ఇప్పటికి టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, వచ్చాక మేం మారుస్తాం" అని ఏ ఏజెంట్ అయినా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. రేపు తనిఖీకి వస్తే జరిమానా కట్టేది, దేశం వదిలి వెళ్లాల్సింది మీరు, ఏజెంట్ కాదు. సరైన వరస ఇది: స్కూల్ వాళ్లు అక్కడ మీ పేరు మీద వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ తెప్పించి మీకు పంపుతారు, అది చూపించి మీరు ఇక్కడ జడ్ వీసా తీసుకుంటారు, వెళ్లాక వర్క్ పర్మిట్, దాని మీద రెసిడెన్స్ పర్మిట్. లెటర్ రాకుండా టికెట్ కొనకండి.

ఇంకో విషయం ముందే తెలుసుకోండి, తర్వాత బాధపడకుండా ఉంటారు. ఇంగ్లీష్ భాష నేర్పే పోస్టులకి మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి ఇంగ్లీష్ మాతృభాష దేశాల పాస్‌పోర్ట్ అడుగుతారు. మనవాళ్లకి దారి సబ్జెక్ట్ టీచర్‌గానే ఉంది: ఇంటర్నేషనల్ స్కూళ్లలో లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్లు, లేదా యూనివర్సిటీ ఉద్యోగం. డిగ్రీ, కనీసం రెండేళ్ల అనుభవం, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇవన్నీ అటెస్ట్ చేయించాలి. వేరే దేశాలకి సరిపోయే అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని మన విదేశాంగ శాఖ వేసేది) మన దేశం నుంచి చైనాకి కూడా సరిపోతుందని అనుకోకండి, ఏ కాగితం మీద ఎవరి ముద్ర కావాలో స్కూల్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని, రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

ఫోన్ సంగతి మనవాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు. అక్కడ కబుర్ల నుంచి చెల్లింపుల దాకా బతుకంతా వీచాట్ అనే యాప్ మీదే నడుస్తుంది, ఆ వీచాట్ 2020 నుంచి మన దేశంలో నిషేధం. మన వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడి ఇంటర్నెట్‌లో తెరుచుకోవు. అంటే మీకూ మీ అమ్మానాన్నలకీ మధ్య రోజూ వాడే యాప్ ఏదీ కలవదు. దీనికి నేను చేసింది చెప్తాను: మన సిమ్‌ని ఇంటర్నేషనల్ రోమింగ్‌తో బతికించి ఉంచుకున్నాను. రోమింగ్ డేటాలో వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది, మన బ్యాంకుల ఓటీపీలు కూడా వస్తాయి. రోజూ వీడియో కాల్ చేసేంత ప్యాక్ ఖరీదే, వారానికి రెండు రోజులు ఫలానా టైమ్ అని ఇంట్లో చెప్పి పెట్టుకోండి, చైనా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఇక్కడ సాయంత్రం 6 అంటే అక్కడ రాత్రి 8:30. వీచాట్‌ని దిగాక స్కూల్ వాళ్ల దగ్గర కూర్చుని వేసుకోండి, కొత్త ఖాతా తెరవాలంటే ఇప్పటికే వీచాట్ ఉన్న మనిషి ఒకరు మీ కోడ్ స్కాన్ చేయాల్సి వస్తుంది, అది వాళ్లే చేస్తారు. అనువాద యాప్‌లో చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్ మాత్రం ఇంట్లోనే దించుకుని వెళ్లండి.

సూట్‌కేస్‌లో కారం, పసుపు, పొడులు, కరివేపాకు పొడి, చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. తాజా పండ్లు, కూరగాయలు, మాంసం, పాలతో చేసినవి, విత్తనాలు వద్దు, కస్టమ్స్ దగ్గర తీసేసుకుంటారు.

దిగిన మొదటి నెల

24 గంటల్లోపు మీరు ఉండే చోటు పోలీసుల దగ్గర నమోదు కావాలి. హోటల్‌లో దిగితే వాళ్లే చేస్తారు, స్కూల్ ఇచ్చిన ఫ్లాట్‌లో గానీ అద్దె ఇంట్లో గానీ దిగితే ఆ పేటలో ఉన్న పోలీస్ స్టేషన్‌కి పాస్‌పోర్ట్, అద్దె కాగితం పట్టుకుని వెళ్లాలి. ఆ చీటీని జాగ్రత్తగా దాచుకోండి, తర్వాత ప్రతిచోటా అడుగుతారు. ఇల్లు మారినా, వీసా మారినా మళ్లీ చేయించాలి, సెలవులకి ఇండియా వచ్చి వెళ్లినప్పుడు మళ్లీ అవసరమా అనేది ఊరిని బట్టి ఉంటుంది, ఆఫీసులో కనుక్కోండి.

తర్వాత మెడికల్. ఖాళీ కడుపుతో వెళ్లాలి, రక్తం, ఎక్స్‌రే, ఈసీజీ, గది నుంచి గదికి కాగితం పట్టుకుని తిరగడమే, గంటలో అయిపోతుంది. ఆ తర్వాత వర్క్ పర్మిట్. రెసిడెన్స్ పర్మిట్‌కి దిగిన 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. అప్పుడు మీ పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే రెండు మూడు వారాలు ఉంటుంది, ఆ రోజుల్లో ఏ ప్రయాణమూ పెట్టుకోకండి.

ఇప్పుడు పేరు. మన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉంటాయి, ఆ పేరు మళ్లీ రెండు ముక్కలు, మధ్యలో ఖాళీ. వాళ్ల పేర్లు రెండు మూడు అక్షరాలు, వాళ్ల కంప్యూటర్లు అందుకు తగ్గట్టు కట్టినవి. నా విషయంలో ఏం జరిగిందంటే, సిమ్ ఇచ్చిన కౌంటర్‌లో అమ్మాయి ఇంటిపేరు ముందు రాసింది, బ్యాంకులో అబ్బాయి ఇంటిపేరు చివర పెట్టి, మధ్యలో ఖాళీలు తీసేసి అంతా ఒకే పొడవాటి మాటగా కొట్టాడు. ఇద్దరూ మర్యాదగానే చేశారు, ఇద్దరూ పాస్‌పోర్ట్ చూసే చేశారు. కానీ ఫోన్‌లో బ్యాంకు కార్డు జోడించబోతే ప్రతిసారీ "వివరాలు సరిపోలలేదు" అని ఎర్ర అక్షరాలు. జీతం ఖాతాలో ఉంది, చేతిలో రూపాయి లేదన్నట్టు మూడు వారాలు గడిచాయి, బ్యాంకుకి మూడుసార్లు తిరిగాను.

మీరు ఇలా చేయండి. పాస్‌పోర్ట్ ఫొటో పేజీలో అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి చూడండి, పైవరసలో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు ఉంటాయి. ఆ వరసలో, పెద్ద అక్షరాల్లో, ఖాళీలు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉంచి, ఒక అట్ట ముక్క మీద రాసుకోండి. సిమ్ కౌంటర్‌లో, బ్యాంకులో, ఆసుపత్రిలో, రైలు యాప్‌లో, ఎక్కడికి వెళ్లినా అదే అట్ట ముందు పెట్టండి. వాళ్లు కొట్టాక స్క్రీన్ మీ వైపు తిప్పమని సైగ చేసి అక్షరం అక్షరం చూడండి, వీలైతే ఫొటో తీసుకోండి. బ్యాంకుకి వెళ్లే ముందే సిమ్ తీసుకోవాలి, బ్యాంకు వాళ్లు అక్కడి ఫోన్ నంబర్ అడుగుతారు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్ మీదైతే, దయచేసి బయల్దేరకముందే దాన్ని సరిచేయించుకోండి, సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉండి పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉన్నవాళ్లు కూడా ఆ తేడాకి ఒక అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

బ్యాంకు ఖాతా వచ్చేదాకా డబ్బు ఎలా అంటే, మన వీసా గానీ మాస్టర్ గానీ కార్డుని అలీపే అనే చెల్లింపుల యాప్‌లో జోడించుకోవచ్చు, రూపే పనికిరాదు. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం. యువాన్ అంటే సుమారు 12–13 రూపాయలు. కొంచెం నగదు జేబులో ఉంచుకోండి, కూరగాయల ముసలమ్మ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, కానీ ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు నగదే దిక్కు. ఇంటికి డబ్బు పంపాలంటే పన్ను కట్టిన కాగితం, ఒప్పందం, పాస్‌పోర్ట్ అడుగుతారు, కాబట్టి పన్ను కాగితాలు మొదటి నెల నుంచే అడిగి తీసుకుని పెట్టుకోండి.

తిండి

శాకాహారులు ముందుగా నేర్చుకోవాల్సిన మాట "వో చ్ సూ", నేను శాకాహారిని అని. అయితే ఆ ఒక్క మాట చాలదు. "రో" అంటే మాంసం, ఊరికే రో అంటే అక్కడ పంది మాంసమనే అర్థం, రో ఉందా అని అడిగితే లేదనే చెప్తారు, కానీ ఆకుకూర వేపుడు పంది కొవ్వులో చేసి ఉండొచ్చు, సూప్ నీళ్లు ఎముకలవి అయి ఉండొచ్చు. మీ స్కూల్‌లో ఎవరైనా టీచర్ చేత "మాంసం, చేప, ఎండు రొయ్యలు, ఎముకల రసం, పంది కొవ్వు ఏవీ వద్దు, గుడ్డు పర్లేదు" అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో ఫొటోగా పెట్టుకోండి. నోటితో చెప్పిన దానికన్నా రాసి చూపించింది వంటింటి దాకా వెళ్తుంది. టమాటా కోడిగుడ్డు వేపుడు ఏ ఊరి హోటల్లో అయినా దొరుకుతుంది, మన టమాటా గుడ్డు కూరకి దగ్గర చుట్టం.

షియాన్‌కి వెళ్లేవాళ్లు అదృష్టవంతులు, అది గోధుమల ఊరు, మిరపకాయ తినే ఊరు. లియాంగ్‌పీ అని చల్లగా తినే నూడుల్స్ ఉంటాయి. మా వీధి చివర ఒకావిడ చేసేది: దోసె అంత పల్చగా, తెల్లగా ఉండే పలకని మడతపెట్టి, చెయ్యంత పొడవు కత్తితో టకటకా కోసి, గిన్నెలో వేసి, పైన కీరా తురుము, మొలకలు, వెల్లుల్లి నీళ్లు, నల్ల వెనిగర్, చివరగా ఎర్రటి మిరప నూనె ఒక గరిటె. ఆ నూనె వాసన గుమ్మం దాటకముందే తగిలేది. మొదటిసారి తిన్న రోజు నాకు ఊరి మీద బెంగ సగం తగ్గింది. అందులో మాంసం ఉండదు, కారం ఎంత కావాలో చేత్తో చూపిస్తే సరిపోతుంది.

మాంసం తినేవాళ్లు యాంగ్‌రో పావ్‌మో తినాలి, మేక లేదా గొర్రె మాంసం పులుసులో రొట్టె. గిన్నెలో గట్టి రొట్టెలు రెండు పెట్టి మీ ముందు పెడతారు, వాటిని మీరే తుంపాలి, గోరంత ముక్కలుగా, ఎంత చిన్నగా తుంపితే పులుసు అంత పీలుస్తుంది. పెద్ద ముక్కలు చేస్తే పక్క బల్ల మీది పెద్దాయన వచ్చి తానే తుంపి చూపిస్తాడు, నాకలాగే జరిగింది. ఇరవై నిమిషాలు తుంపాక గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లి పులుసుతో తిరిగొస్తుంది. ఇదే పేరుతో పక్కనే గొడ్డు మాంసం రకం కూడా ఉంటుంది, "న్యూరో" అని ఉంటే అది, తినని వాళ్లు చూసుకోండి.

అన్నం జిగురుగా ఉంటుంది, అలవాటు పడాలి. పెరుగు చాలావరకు తియ్యగా ఉంటుంది, చక్కెర లేనిది అడిగి తెచ్చుకుంటే మజ్జిగ చేసుకోవచ్చు. మన మసాలాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇంకొకటి, అక్కడ అందరూ తాగేది వేడినీళ్లు. స్కూల్‌లో, రైల్లో, స్టేషన్‌లో, ఎక్కడ చూసినా ఉచితంగా వేడినీళ్ల కుళాయి ఉంటుంది, ఒక మంచి ఫ్లాస్క్ కొనుక్కోండి.

స్కూల్‌లో

మిమ్మల్ని "లావ్‌షి" అంటారు, గురువుగారు అన్నట్టే. పిల్లలు క్లాసులో ప్రశ్న అడగరు, అర్థమైందా అంటే తల ఊపుతారు, రాత్రి 9కి వీచాట్‌లో ఫొటో పెట్టి ఈ లెక్క రాలేదు అంటారు. దాన్ని మొద్దుతనం అనుకోకండి, నలుగురిలో తప్పు చెప్పడం వాళ్లకి కష్టం. నేను ప్రతి లెక్కకీ ముందు రెండు నిమిషాలు పక్కవాడితో మాట్లాడుకోమనేవాణ్ణి, తర్వాత "మీ ఇద్దరి జవాబు ఏంటి" అని అడిగితే నోళ్లు తెరుచుకునేవి. మధ్యాహ్నం భోజనం అయ్యాక నిద్ర సమయం ఉంటుంది, పిల్లలూ టీచర్లూ బల్లల మీద తల పెట్టి నిజంగానే పడుకుంటారు, ఆ వేళ ఎవరికీ ఫోన్ చేయకండి.

సెలవుల క్యాలెండర్ సంవత్సరం మొదట్లోనే తెచ్చుకోండి. అక్కడ పెద్ద సెలవు ఇచ్చి, దానికి బదులుగా ముందో వెనకో శని, ఆదివారాల్లో పని పెడతారు, "థియావ్‌షియూ" అంటారు, ఇది తెలియక ఆదివారం ఊరెళ్లి ఇబ్బంది పడ్డ కొత్త టీచర్లని చూశాను. సంక్రాంతికి సెలవు దొరకడం కష్టం, అప్పుడు పరీక్షలు. శీతాకాలం సెలవులు వాళ్ల కొత్త సంవత్సరం చుట్టూ, జనవరి ఫిబ్రవరిల్లో వస్తాయి, ఇంటికి రావడానికి అదే సమయం, టికెట్ ముందే కొనాలి. సెప్టెంబర్ 10 వాళ్ల ఉపాధ్యాయ దినోత్సవం, 1985 నుంచి జరుపుతున్నారు, ఆ రోజు బల్ల మీద ఒక పువ్వు కనిపిస్తుంది.

ఊరు చూడటం

మీరు వారం రోజుల టూరిస్ట్ కాదు, ఏడాదంతా ఉండేవాళ్లు, ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోండి. అక్టోబర్ 1 నుంచి వారం, మే మొదటి వారం ఎక్కడికీ వెళ్లకండి, దేశం మొత్తం రోడ్డు మీదే ఉంటుంది. క్లాసులు లేని మంగళవారం ఉదయం, నవంబర్ చివర, మార్చి మొదట, ఇవీ మీ రోజులు. షియాన్‌లో నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా ఇళ్లకి హీటింగ్ ఇస్తారు, బయట చలి ఉన్నా ఇంటికొస్తే వెచ్చగా ఉంటుంది.

మొదట కోటగోడ ఎక్కండి, ఊరి స్వరూపం తెలుస్తుంది. 1370ల్లో మింగ్ రాజుల కాలంలో కట్టింది, చుట్టూ దాదాపు 13.7 కిలోమీటర్లు, పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి సైకిల్ అద్దెకి తీసుకోండి, ఆగుతూ తొక్కితే రెండు గంటలు. రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నడుం నొప్పి ఉన్నవాళ్లు నడవడమే మంచిది. సాయంత్రం వెళ్తే ఎర్ర లాంతర్లు వెలిగేదాకా ఉండండి.

పాతకాలం చక్రవర్తి సమాధి కోసం చేసి పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల దగ్గరికి వెళ్లాలంటే మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్‌చ్ స్టేషన్‌లో దిగి బస్సు ఎక్కాలి. టికెట్ పాస్‌పోర్ట్ నంబర్ మీద ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. స్టేషన్ బయట పిలిచే కార్లవాళ్ల మాట వినకండి, నకలు బొమ్మలు పెట్టిన చోటికి తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకి దొరికిన చోటు ఇది. మూడు గుంటల్లో పెద్దది ఒకటో నంబర్, 230 మీటర్ల పొడవు, తలుపులు తెరవగానే అక్కడికే వెళ్లండి, పది దాటితే కమ్మీ దగ్గర నిలబడే చోటుండదు. ముందు వరుసని చూసి వచ్చేయకుండా చివరిదాకా నడవండి, అక్కడ విరిగిన బొమ్మల్ని అతికిస్తున్న చోటు ఉంటుంది, ఒక్కో బొమ్మకి నంబర్ చీటీలు, కాళ్ల మధ్య ఇసుక సంచులు. ఇవన్నీ ఒకప్పుడు రంగులు వేసినవి, తవ్వి తీశాక గాలి తగిలి ఆ రంగు నిమిషాల్లో ఊడిపోయిందని తెలిశాక చూస్తే ఇంకోలా ఉంటుంది. మూడు గంటలన్నా పెట్టుకోండి.

మన వాళ్లు తప్పకుండా వెళ్లాల్సింది పెద్ద హంస గోపురం. బడిలో హ్యూయాన్‌త్సాంగ్ అని చదువుకున్నాం కదా, ఆయన 645లో మన దేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టింది ఇదే. ఆయన ధాన్యకటక దేశం, అంటే ఇప్పటి మన అమరావతి ప్రాంతం, వచ్చి, అక్కడి ఆరామాల గురించి రాసుకున్నాడు, ఇవాళ చైనావాళ్లు మన దేశాన్ని పిలిచే "యిందూ" అన్న పేరుని ఖాయం చేసింది కూడా ఆయనే. నేను మా పిల్లలతో వెళ్లినప్పుడు, ఆయన నడిచిన కృష్ణా తీరం మా ఊరికి బస్సులో గంట దూరం అని చెప్తే, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు ఒకడు మ్యాప్ తీసి ఎక్కడో చూపించమన్నాడు. అమరావతి ఎక్కడుందో ముందే మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని వెళ్లండి, కచ్చితంగా అడుగుతారు.

ముస్లిం వీధి సాయంత్రం తిండికి బాగుంటుంది, దాని లోపల ఉన్న పెద్ద మసీదు ఉదయం చూడాలి, చైనా గుడిలా వంపు తిరిగిన కప్పులతో ఉంటుంది, చాలా ప్రశాంతం. షాన్‌షీ చరిత్ర మ్యూజియానికి సోమవారం సెలవు, మిగతా రోజులకి కూడా ముందు బుక్ చేయకుండా లోపలికి పోనివ్వరు.

ఊరు దాటాలంటే 12306 అనే రైల్వే యాప్. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. యాప్‌లో పాస్‌పోర్ట్ ధ్రువీకరించడానికి కొంత టైమ్ పడుతుంది, వెళ్లాలనుకున్న వారం ముందే ఆ పని ముగించండి, ఇక్కడ కూడా అట్ట మీది పేరే. కాగితం టికెట్ ఉండదు, మీ పాస్‌పోర్టే టికెట్, ఆటోమేటిక్ గేటు చదవకపోతే పక్కనే మనిషి ఉండే గేటు దగ్గరికి వెళ్లి చూపించండి. సామాను ఎక్స్‌రేలో పెట్టాలి, కత్తెర లాంటివి తీసేసుకోవచ్చు, గంట ముందు చేరుకోండి.

మొదటి ప్రయాణానికి నా సలహా లోయాంగ్, హైస్పీడ్ రైల్లో రెండు గంటల్లోపే. లోంగ్‌మెన్ గుహల్లో కొండ రాయిలో చెక్కిన వేల బుద్ధులు చూశాక, తెల్ల గుర్రం గుడికి వెళ్లండి. ఆ ఆవరణలో మన దేశం కట్టించిన సాంచీ తరహా మందిరం ఉంది, 2010లో అప్పటి మన రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. హువాషాన్ కొండ ఇంకా దగ్గర, అరగంట చిల్లర, కానీ 2,154 మీటర్ల ఎత్తు, మెట్లు నిటారుగా ఉంటాయి, వాన రోజు, మంచు రోజు వద్దే వద్దు, వెళ్లేటప్పుడు పడమటి శిఖరం రోప్‌వేలో ఎక్కి ఉత్తర శిఖరం వైపు దిగితే మోకాళ్లకి కాస్త తేలిక.

ఎక్కడికి బయల్దేరినా అసలు పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, జిరాక్స్ చెల్లదు. ఇంటి అడ్రస్ చైనీస్ అక్షరాల్లో ఫొటో తీసి ఫోన్ లాక్ స్క్రీన్ మీద పెట్టుకోండి, పోలీస్ 110, అంబులెన్స్ 120, అగ్నిమాపక దళం 119 కూడా దాని కిందే రాసుకోండి. ఆ అట్ట ముక్క పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకోవడం మర్చిపోకండి.